ఎదిగే పిల్లల దవడల పెరుగుదలను ముందే అంచనా వేయడం ఎలా

పన్నెండేళ్ల పిల్లవాడి సెఫలోగ్రామ్‌ను (తలను పక్క నుంచి తీసిన ఎక్స్‌రేను) లైట్ బాక్స్ మీద పెట్టగానే వెనక నిలబడ్డ తల్లి అడిగే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: “కింది దవడ ఇంకా పెరుగుతుందాండీ, ఇంతటితో ఆగిపోతుందా?” ఇప్పుడే ఫంక్షనల్ అప్లయెన్స్ (కింది దవడను ముందుకు నడిపించే నోటి పరికరం) పెట్టాలా, ఏడాది ఆగాలా, పళ్లు తీయించాలా, శస్త్రచికిత్స వయసు దాకా వేచి ఉండాలా అన్న పెద్ద నిర్ణయాలన్నీ ఆ ప్రశ్నకు మనం మనసులో చెప్పుకునే జవాబు మీదే నిలబడతాయి. తానసలు అంచనాలే వేయనని అనుకునే డాక్టరు కూడా, సగటు పిల్లవాడిలాగే ఈ పిల్లవాడూ పెరుగుతాడని తనకు తెలియకుండానే లెక్క వేసుకున్నట్టే. ఆ లెక్కేదో తెలిసి, కాగితం మీద రాసి, తర్వాత సరిచూసుకునే పద్ధతిలో ఎలా వేయాలో ఆర్థోడాంటిక్స్ (పళ్ల, దవడల వరస సరిచేసే వైద్యం) చదువుతున్న పీజీ విద్యార్థుల కోసం, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినవారి కోసం ఇక్కడ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఆ తల్లి ప్రశ్నను మూడుగా విడగొట్టుకోండి: పెరుగుదల ఉధృతి (యుక్తవయసులో పిల్లలు ఒక్కసారిగా వేగంగా ఎదిగే దశ) ఎప్పుడు వస్తుంది, అది ఎటు సాగుతుంది, ఇంకా ఎంత మిగిలి ఉంది. ‘ఎప్పుడు’ అన్నదానికి ఓ మోస్తరు నమ్మకంతో జవాబు చెప్పవచ్చు. ‘ఎటు’ అన్నది, ముఖ నిర్మాణం స్పష్టంగా ఏదో ఒక పక్కకు మొగ్గిన పిల్లల్లో మాత్రమే చెప్పగలం. ‘ఎంత’ అన్నదానికి ఒక్క అంకె చెప్పడం కన్నా ఇంత నుంచి ఇంత వరకు అని చెప్పడమే సబబు. ఈ మూడింటినీ ఒకే జవాబులో కలిపేసి, మూడింటికీ ఒకే ధీమా చూపించడం వల్లనే ఈ పనిలో ఎక్కువ తప్పులు జరుగుతాయని నా అనుభవం.

మొదటి అడుగు: ఎక్స్‌రే కన్నా ముందు ఎత్తు కొలవండి

కింది దవడ పెరుగుదల శరీరపు ఎత్తుతో దగ్గరి సంబంధం ఉన్నది కాబట్టి, గోడకు బిగించిన ఎత్తు కొలిచే కర్ర ఈ పనిలో అన్నిటికన్నా చవకైన, రేడియేషన్ అసలే లేని పరికరం. చెప్పులు విప్పించి, మడమలూ పిరుదులూ వీపూ గోడకు ఆనించి, చూపు ఎదురుగా సమంగా ఉండేలా తల నిలబెట్టి కొలవండి. పొద్దున్నుంచి సాయంత్రానికి మనిషి ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు దాకా తగ్గుతుంది కనుక ప్రతిసారీ దాదాపు అదే వేళకు కొలవాలి, వీలైతే ఒకే మనిషి కొలవాలి. ఆరు నెలలకొకసారి కొలిస్తే చాలు.

ఉదాహరణకు ఒక అబ్బాయి ఎత్తు మార్చిలో 146.2 సెంటీమీటర్లు, సెప్టెంబరులో 148.4, మళ్లీ మార్చిలో 152.1 ఉందనుకుందాం. మొదటి ఆరు నెలల్లో 2.2 పెరిగాడు, అంటే ఏడాదికి 4.4 చొప్పున, తర్వాతి ఆరు నెలల్లో 3.7, అంటే ఏడాదికి 7.4 చొప్పున. ఉధృతికి ముందు వేగం కాస్త మందగించడం మామూలే; ఆ మందగింపు దాటి ఇతను ఎక్కుడు దారిలో పడ్డాడు. ఉధృతి శిఖరాన అబ్బాయిల వేగం ఏడాదికి 9, 10 సెంటీమీటర్ల దాకా, అమ్మాయిలది 8 దాకా వెళుతుంది కనుక ఇతని శిఖరం ఇంకా ముందే ఉంది. ఒక్కసారి కొలిచిన ఎత్తుకు ఇంత మాట చెప్పే శక్తి లేదు. బడిలోనో పిల్లల డాక్టరు దగ్గరో పాత కొలతలు ఉంటే తెప్పించుకోండి; ఎవరు ఎలా కొలిచారో తెలియదు కాబట్టి వాటిని కాస్త అనుమానంతోనే చూడండి.

సగటున ఈ శిఖరం అమ్మాయిలకు 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలకు 14 ఏళ్ల దగ్గర వస్తుంది. అయితే దానికి రెండేళ్లు అటూ ఇటూ అయినా అది జబ్బు కాదు, సహజమైన తేడానే. అందుకే పుట్టిన తేదీని బట్టి చికిత్స సమయం నిర్ణయించకూడదు. రజస్వల కావడం సగటున శిఖరం దాటిన ఏడాదికి పైగా తర్వాత జరుగుతుంది కాబట్టి, ఇప్పటికే రజస్వల అయిన అమ్మాయిలో పెద్ద ఉధృతి కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. ఈ సంగతి తల్లి ద్వారా, పక్కన ఇంకెవరూ లేనప్పుడు మర్యాదగా అడిగి తెలుసుకోండి. అబ్బాయిల్లో గొంతు పూర్తిగా పెద్దవాళ్ల గొంతులా మారిపోతే శిఖరం దాటిందనే అనుకోవచ్చు.

అదే పూటలో ఇంకో మూడు సంగతులు అడగండి. ఒకటి, కొండైల్‌ను (చెవి ముందు కీలులో ఉండే కింది దవడ తలను) దెబ్బతీసేవి: చిన్నప్పుడు గడ్డం మీద పడి దెబ్బ తగిలిందా, పిల్లల కీళ్లవాతం ఉందా, నోరు తెరవడం తగ్గిందా. కొండైల్ దెబ్బతిన్న పిల్లల్లో సగటు లెక్కలేవీ పనిచేయవు. ఒక వైపే దెబ్బతింటే గడ్డం ఆ వైపుకు జరుగుతూ పోతుంది. రెండు, ఎదుగుదల వేళలను మార్చేవి: దీర్ఘకాలపు జబ్బులు, థైరాయిడ్ లోపం, గ్రోత్ హార్మోన్ చికిత్స. మూడు, కుటుంబ ముఖాలు. యూరప్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశీయుల చిత్రపటాల్లో ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ తరతరాలుగా కనిపిస్తుంది. మీ దగ్గరికి వచ్చే కుటుంబాల్లో అంత నాటకీయంగా ఉండకపోయినా, తండ్రినీ పెద్దన్ననూ పక్క నుంచి ఒకసారి చూడటం, చూసినది కేసు షీట్‌లో రాయడం అలవాటు చేసుకోండి.

రెండో అడుగు: పోల్చడానికి పనికొచ్చే సెఫలోగ్రామ్ తీయించండి

1931లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హాఫ్రాత్ విడివిడిగా ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు దాని అసలు ప్రయోజనం, ఒకే పిల్లవాడిని కొన్నేళ్ల తేడాతో మళ్లీ మళ్లీ ఒకే తీరున చిత్రించగలగడం. ఆ ప్రయోజనం దక్కాలంటే యంత్రం ఒకటే కావాలి, తల నిలిపే తీరు ఒకటే కావాలి, చిత్రం ఎంత పెద్దదై వస్తుందో తెలిసి ఉండాలి. ఫిల్మ్‌లోనో తెర మీదో కొలబద్ద కనిపించకపోతే ఆ చిత్రంలోని మిల్లీమీటర్లను రెండేళ్ల తర్వాత తీసిన మరో చిత్రంతో పోల్చవద్దు. కోణాలను మాత్రం పోల్చుకోవచ్చు.

పళ్లు పూర్తిగా కలిసి, పెదవులు సడలి ఉండగా తీయాలి. ముందు పళ్లు అడ్డుతగులుతున్న చోట నుంచి దవడను ముందుకు జరిపి కొరికే పిల్లలు కొందరుంటారు. చిత్రం తీయకముందే వాళ్ల దవడను మెల్లగా వెనక్కి నడిపించి చూడకపోతే, కేవలం అలవాటుగా జరిగిన దవడను పెద్దగా పెరిగిన దవడగా లెక్కవేస్తారు.

ట్రేసింగ్ (చిత్రంలోని ఎముకల గీతలను కాగితం మీద గీసి కొలవడం) ఒకసారి చేసి, వారం ఆగి, మొదటిది చూడకుండా మళ్లీ చేయండి. ఇలా ఒక పదిహేను ఇరవై చిత్రాలకు చేసి, ప్రతి జంట మధ్య తేడాను వర్గం చేసి, అన్నిటినీ కూడి, చిత్రాల సంఖ్యకు రెట్టింపుతో భాగించి, వర్గమూలం తీస్తే మీ చేతి దోషం ఎంతో బయటపడుతుంది. డాల్‌బర్గ్ సూత్రమంటే ఇదే. పుర్రె అడుగుతో పోల్చి కింది దవడ ఎంత ముందుందో చెప్పే ఎస్‌ఎన్‌బీ కోణంలో మీ దోషం 0.7 డిగ్రీలు అని తేలితే, ఏడాదిలో అర డిగ్రీ పెరిగిందని సంబరపడటానికి అక్కడ ఏమీ లేదు. ఈ పని విసుగు పుట్టించేదే, కానీ దీన్ని చేయనివారు పెరుగుదలను కొలుస్తున్నారో తమ పెన్సిల్‌ను కొలుస్తున్నారో వారికే తెలియదు.

మూడో అడుగు: ‘ఎప్పుడు’ — మెడ వెన్నుపూసలను చదవండి

పక్క నుంచి తీసిన సెఫలోగ్రామ్‌లో మెడ వెన్నుపూసలు ఎలాగూ కనిపిస్తాయి కాబట్టి, ఇంకో ఎక్స్‌రే అక్కర్లేకుండా ఎముకల పరిపక్వతను అంచనా వేయవచ్చు. 1972లో లాంపార్‌స్కీ మొదలుపెట్టిన ఈ పద్ధతిని హాసెల్, ఫార్మన్ 1995లో సవరించారు. బచెట్టి, ఫ్రాంకి, మెక్‌నమారా 2005లో ఇచ్చిన ఆరు దశల రూపమే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది.

చిత్రంలో పై భాగాన్నీ పిల్లవాడి వయసునూ కాగితంతో కప్పేసి, రెండు, మూడు, నాలుగో వెన్నుపూసలను మాత్రమే చూడండి. ముందుగా ఒక్కొక్కదాని కింది అంచు వద్ద స్కేలు ఆనించండి. అంచు స్కేలుకు సమంగా అంటుకుంటే చదును. నడుమ వెలుతురు సందు కనిపిస్తే గుంట. మూడింటిలోనూ చదునుగా ఉంటే అది మొదటి దశ. రెండో పూసకు మాత్రమే గుంట పడితే రెండో దశ. రెండో పూసతో పాటు మూడో పూసకూ గుంట కనిపిస్తే మూడో దశ. నాలుగో పూసకు కూడా పడితే నాలుగో దశ. అక్కడి నుంచి గుంటలు దారి చూపవు, ఆకారం చూపుతుంది: మూడు, నాలుగు పూసలు మొదట వెనక ఎత్తు, ముందు వాలు ఉన్న ట్రపీజియంలా ఉండి, నాలుగో దశకు అడ్డంగా పడుకోబెట్టిన దీర్ఘచతురస్రంలా మారతాయి, వాటిలో కనీసం ఒకటి చతురస్రమైతే ఐదో దశ, కనీసం ఒకటి వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా నిలువు దీర్ఘచతురస్రమైతే ఆరో దశ.

ఈ పద్ధతి ప్రకారం కింది దవడ పెరుగుదల శిఖరం మూడు, నాలుగు దశల మధ్య వస్తుంది. మొదటి దశలో ఉంటే శిఖరానికి సగటున రెండేళ్లు, రెండో దశలో ఉంటే ఒక ఏడాది దూరం ఉన్నట్టు. నాలుగో దశలో కనిపిస్తే శిఖరం గత ఒకటి రెండేళ్లలో దాటిపోయింది. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఐదు, ఆరు దశలు చెప్పేది శిఖరం దాటిందని మాత్రమే. పెరుగుదల ఆగిందని కాదు. ఈ తేడా నేను ఎలా నేర్చుకున్నానో కింద చెబుతాను.

కాగితం మీద ఇంత తేటగా ఉన్న పద్ధతి నిజం చిత్రాల మీద తడబడుతుంది. ఒకే చిత్రాన్ని వేర్వేరు డాక్టర్లు చదివితే, ఒకే డాక్టరు కొన్ని వారాల తర్వాత మళ్లీ చదివితే వేర్వేరు దశలు వచ్చాయని 2009లో గాబ్రియెల్ బృందం చూపించింది. మూడు, నాలుగు పూసల ఆకారం దగ్గరే ఎక్కువగా తగవు వస్తుంది. కాబట్టి ఇద్దరు విడివిడిగా చదవండి, తేడా వస్తే ‘రెండు–మూడు మధ్య’ అని రాయండి, ఎత్తు లెక్కతో సరిపోలుతుందో లేదో చూడండి. రెండూ ఒకే మాట చెబితే ముందుకు వెళ్లవచ్చు. చెప్పకపోతే ఆరు నెలలు ఆగి మళ్లీ ఎత్తు కొలవడమే మంచి దారి.

చేతి ఎముకల ఎక్స్‌రే ఎప్పుడు? మెడ పూసలు సరిగా కనిపించనప్పుడు, లేదా ఈ ఒక్క నిర్ణయం మీదే చికిత్స మొత్తం ఆధారపడి ఉన్నప్పుడు. ఫిష్‌మన్ 1982లో ఇచ్చిన పదకొండు గుర్తుల క్రమం గుర్తుంచుకోవడం తేలిక: మొదట వేళ్ల ఎముకల చివరి పలకలు కాండమంత వెడల్పు అవుతాయి, తర్వాత బొటనవేలి మొదట్లో గింజంత సెసమాయిడ్ ఎముక కనబడుతుంది, తర్వాత పలకలు కాండం అంచుల మీదుగా టోపీలా కిందికి వంగుతాయి, చివరికి అతుక్కుంటాయి. నడిమి వేలి మధ్య ఎముకకు టోపీ పడిన పిల్లవాడు శిఖరం దగ్గర ఉన్నట్టు. ముంజేతి రేడియస్ ఎముక అతుక్కోవడం అన్నిటికీ ఆఖరు.

నాలుగో అడుగు: ‘ఎటు’ — కింది దవడ ఎలా తిరుగుతున్నదో చూడండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. ఎందుకంటే కొండైల్ దగ్గర పది మిల్లీమీటర్లు పెరిగినా, దవడ వెనక్కి తిరుగుతున్న పిల్లవాడిలో అదంతా కిందికి పోయి ముఖం పొడవు పెరుగుతుంది తప్ప గడ్డం ముందుకు రాదు. ముందుకు తిరుగుతున్న పిల్లవాడిలో అదే పెరుగుదల ముఖాన్ని మార్చేస్తుంది.

కోపెన్‌హేగెన్‌లో బ్యోర్క్ అనే పరిశోధకుడు పిల్లల దవడ ఎముకల్లో సన్నని టాంటలమ్ సూదులను నాటి, ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు తీసి చూసేవరకు ఈ తిరుగుడు ఎంత పెద్దదో ఎవరూ ఊహించలేదు. ఎముక ఉపరితలం ఒక చోట అరిగి మరో చోట పేరుకుంటూ ఉండటం వల్ల లోపలి తిరుగుడు బయటికి కనిపించకుండా దాగిపోతుంది. నాలుగేళ్ల వయసు నుంచి పెద్దయ్యేవరకు సగటు పిల్లవాడి కింది దవడ లోపల సుమారు 15 డిగ్రీలు ముందుకు తిరుగుతుంది. ఉపరితలపు మార్పులు అందులో 11, 12 డిగ్రీలను కప్పేస్తాయి. మన ట్రేసింగ్‌లో కింది దవడ అంచు కోణం మూడు నాలుగు డిగ్రీలు మాత్రమే తగ్గినట్టు కనిపిస్తుంది. అందుచేత ఆ ఒక్క కోణాన్ని చూసి తిరుగుడును చెప్పడం, మూత తీయకుండా కుండలో ఏముందో చెప్పడం లాంటిది.

సూదులు నాటకుండా ఆ తిరుగుడును పసిగట్టడానికి బ్యోర్క్ 1969లో ఏడు నిర్మాణ గుర్తులను ఇచ్చాడు. ఒక్కో గుర్తు దగ్గర ఆగి ‘ముందుకు’, ‘వెనక్కి’, ‘తేలదు’ అని మూడింటిలో ఒకటి రాసుకోండి. కొండైల్ తల ముందుకు వంగి ఉంటే ముందుకు, వెనక్కి వాలి ఉంటే వెనక్కి. కాకపోతే నోరు మూసి తీసిన చిత్రంలో కొండైల్ సరిగా కనిపించడమే అరుదు, కాబట్టి ఇక్కడ చాలాసార్లు ‘తేలదు’ అనే రాయాల్సి వస్తుంది. దవడ లోపలి నరపు కాలువ బాగా వంపు తిరిగి ఉంటే ముందుకు, తిన్నగా ఉంటే వెనక్కి. కింది ముందు పళ్ల అడుగునున్న సింఫిసిస్ (దవడ రెండు సగాలు కలిసే గడ్డం ఎముక) పైనుంచి కిందికి ముందుకు వాలి గడ్డం బయటికి తేలి ఉంటే ముందుకు, వెనక్కి వాలి గడ్డం దాగి ఉంటే వెనక్కి. పై, కింది ముందు పళ్ల మధ్య కోణం, ప్రీమోలార్ల (చిన్న దవడపళ్ల) లేదా మోలార్ల (పెద్ద దవడపళ్ల) మధ్య కోణం పెద్దగా ఉంటే, అంటే పళ్లు ఎదురెదురుగా నిటారుగా నిలబడి ఉంటే ముందుకు. చిన్నగా ఉంటే వెనక్కి. ముక్కు కింది నుంచి గడ్డం దాకా ముఖం పొట్టిగా ఉంటే ముందుకు, పొడవుగా ఉంటే వెనక్కి.

కింది అంచు ఆకారాన్ని కావాలనే చివరికి ఉంచాను, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. బ్యోర్క్ చూడమన్నది ముందు భాగాన్ని: సింఫిసిస్ అడుగున తెల్లని గట్టి పొర మందంగా, గుండ్రంగా ఉంటే అక్కడ ఎముక పేరుకుంటున్నట్టు, దవడ ముందుకు తిరుగుతున్నట్టు, ఆ పొర పలచగా, గుండ్రదనం లేకుండా ఉంటే వెనక్కి. దవడ మూలకు కాస్త ముందు కింది అంచులో పడే నొక్కు వేరే సంగతి. ఆ నొక్కు లోతుగా ఉన్న పిల్లల్లో కింది దవడ ముందుకు పెరగడం తక్కువగా, కిందికి పెరగడం ఎక్కువగా ఉంటుందని 1987లో సింగర్, మమాండ్రాస్, హంటర్ చూపించారు. ముందు భాగపు పొరనూ, వెనకనున్న నొక్కునూ కలిపి ‘అంచు వంకరగా ఉంది’ అని ఒక్క మాటలో తేల్చేస్తే, ఒకదానికొకటి ఎదురైన రెండు గుర్తులను కలిపేసినట్టు అవుతుంది. భూతద్దం పెట్టి సింఫిసిస్ అడుగున ఉన్న తెల్లని గీత మందాన్ని విడిగా కొలవండి, నొక్కు లోతును విడిగా కొలవండి.

ఏడు గుర్తులూ ఒకే పిల్లవాడిలో ఒకే మాట చెప్పవు. ఎన్ని గుర్తులు ఒకే వైపు చూపితే అంచనా అంత గట్టిది. నా అలవాటు ఏమిటంటే, తేలని వాటిని తీసేసిన తర్వాత కనీసం నాలుగు ఒకే వైపు చూపి, ఎదురు చెప్పేవి ఒకటికి మించకపోతేనే ‘ముందుకు’ లేదా ‘వెనక్కి’ అని రాస్తాను. లేకపోతే ‘సగటు’ అని రాసి, అలా రాయడానికి సిగ్గుపడను. పుర్రె అడుగునున్న సెల్లా గుంట నుంచి ముక్కు మొదలు (నేసియాన్) దాకా గీసే సెల్లా–నేసియాన్ గీతకు కింది దవడ అంచు చేసే కోణం సగటు 32 డిగ్రీల దగ్గరా, ముఖం వెనక ఎత్తుకూ ముందు ఎత్తుకూ ఉండే జారబక్ నిష్పత్తి 62 నుంచి 65 శాతం దగ్గరా ఉంటాయి. వీటిని తీర్పుగా కాక సాక్ష్యంగా మాత్రమే పక్కన రాసుకోండి.

ఇంత చెప్పాక, ఈ అడుగు ఎంత జారుడుదో కూడా తెలియాలి. 1984లో స్కీలర్, బ్యోర్క్, లిండె-హాన్సెన్ సూదులు నాటిన 21 మంది పిల్లల మీద నాలుగు కొలతలతో చేసిన సూత్రం తిరుగుడులోని తేడాలో 86 శాతాన్ని వివరించింది. ఆ గుంపులో బాగా అటో ఇటో మొగ్గిన ముఖాలు ఎక్కువ. వేరే పిల్లల మీద పరీక్షించినప్పుడు ఆ సూత్రం అంత బాగా నిలవలేదు. అదే 1984లో బామ్‌రిండ్ బృందం ఐదుగురు అనుభవజ్ఞులకు చికిత్సకు ముందటి చిత్రాలు ఇచ్చి, దవడ వెనక్కి తిరగబోయే పిల్లలను గుర్తించమంటే, వారి జవాబులు నాణెం ఎగరేసి చెప్పినదానికన్నా మెరుగ్గా లేవు. అందుకే ఈ గుర్తులను మధ్యస్థమైన ముఖాల మీద సాగదీయకండి. రెండు చివర్లలో ఉన్న పిల్లలను పట్టుకోవడానికే అవి పనికొస్తాయి, మనకు ఇబ్బంది పెట్టేదీ ఆ పిల్లలే.

ఐదో అడుగు: ‘ఎంత’ — హద్దులు రాయండి

ముఖం పెరగడంలో వెడల్పు ముందు ముగుస్తుంది, తర్వాత ముందువెనకల పొడవు, చివరికి ఎత్తు. పై దవడ ముందే నెమ్మదిస్తుంది, కింది దవడ ఆ తర్వాతా సాగుతుంది. కొండైల్ నుంచి గడ్డం దాకా కింది దవడ పొడవు ఉధృతికి ముందు ఏడాదికి సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, శిఖరం ఏడాదిలో అంతకన్నా ఎక్కువ.

లెక్క ఇలా వేయండి. పదమూడేళ్ల అబ్బాయి, మెడ పూసలు మూడో దశ, ఎత్తు వేగం పెరుగుతోంది, తిరుగుడు గుర్తుల్లో నాలుగు ‘ముందుకు’, పై, కింది దవడల ముందువెనక తేడా చెప్పే ఏఎన్‌బీ కోణం 6 డిగ్రీలు. రాబోయే రెండేళ్లలో దవడ పొడవు 5 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య పెరుగుతుందని నేను రాస్తాను. దిశ ముందుకు కాబట్టి గడ్డం ముందుకు రావడంలో అందులో మంచి వాటా దక్కుతుందని పక్కన రాస్తాను. అదే వయసు, అదే దశ, అదే 6 డిగ్రీలు ఉండి గుర్తులు ‘వెనక్కి’ అని చెబితే, పొడవు హద్దులు మార్చను కానీ, ఏఎన్‌బీ తగ్గుతుందన్న ఆశ మీద చికిత్స కట్టను. చికిత్స ప్రణాళికను కింది హద్దుకు కూడా తట్టుకునేలా వేయాలి. ఐదే పెరిగితే ఏం చేస్తామో ముందే తెలిసి ఉండాలి.

1974 నాటి మిషిగన్ అట్లాస్, 1975 నాటి బోల్టన్ ప్రమాణాలు, అదే ఏడాది జాన్‌స్టన్ ఇచ్చిన సులువైన గళ్ల పట్టిక, రికెట్స్ చాపపు పద్ధతి, ఇవన్నీ సగటు పెరుగుదలను ఏదో ఒక రూపంలో జోడించేవే. వాటి వెనకనున్న పిల్లలు ఎక్కువగా ఉత్తర యూరప్ మూలాలున్న, గత శతాబ్దపు పిల్లలు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఒక్క మీట నొక్కగానే గీసి చూపే పదహారేళ్ల ముఖం కూడా అటువంటి సగటు నుంచే వస్తుంది. దాన్ని మీరు చూడండి; ముద్రించి తల్లిదండ్రుల చేతికి మాత్రం ఇవ్వకండి. బొమ్మను చూసిన కుటుంబానికి హద్దుల గురించి ఎంత చెప్పినా బొమ్మే గుర్తుంటుంది.

ఆరో అడుగు: రాసి పెట్టండి, ఏడాదికి సరిచూడండి

అంచనా రాసి పెట్టుకోనివాడు ఎప్పుడూ తప్పడు. అందుకే ఎప్పుడూ నేర్చుకోడు. కేసు షీట్‌లో తేదీ వేసి నాలుగు వాక్యాలు రాయండి: శిఖరం ఎప్పటికి, దిశ ఎటు, ఎంత నుంచి ఎంత, ఏది కనబడితే నా మాట తప్పని ఒప్పుకుంటాను. ఆఖరి వాక్యమే అన్నిటికన్నా విలువైనది.

రెండో సెఫలోగ్రామ్ ఏడాది లోపు తీయకండి. అంతకు ముందే తీస్తే మార్పు మీ చేతి దోషంలో కలిసిపోతుంది, పిల్లవాడికి రేడియేషన్ మాత్రం తగులుతుంది. రెండు ట్రేసింగులను ఒకదానిపై ఒకటి పేర్చేటప్పుడు సెల్లా–నేసియాన్ గీతను మాత్రమే నమ్ముకోవద్దు. నేసియాన్ తానే జరుగుతూ ఉంటుంది. సెల్లా టర్సికా ముందు గోడ, ముక్కు పైకప్పునున్న క్రిబ్రిఫార్మ్ పలక వంటి చిన్నప్పుడే స్థిరపడే నిర్మాణాల మీద పేర్చండి. కింది దవడ తిరుగుడు కోసం విడిగా, సింఫిసిస్ లోపలి గట్టి పొర గీత మీదా, నరపు కాలువ మీదా, వేరు ఇంకా ఏర్పడని మూడో మోలార్ మొగ్గ అడుగు మీదా పేర్చండి. ఈ రెండు పేర్పుల్లో సెల్లా–నేసియాన్ గీత ఎన్ని డిగ్రీలు తేడాగా పడిందో అదే ఆ ఏడాది జరిగిన అసలు తిరుగుడు. ఏడు గుర్తులతో ఊహించిన దాని కన్నా, ఇలా పేర్చి కొలిచిన ఒక్క ఏడాది ఎంతో ఎక్కువ చెబుతుంది.

నా తప్పు ఒకటి చెబుతానన్నాను. కింది దవడ ముందుకున్న ఒక అబ్బాయికి పళ్ల కదలికతోనే కాటు సరిచేసి, పదహారు నిండకముందే బ్రేసులు తీసేశాను. ఆరు నెలల్లో ఎత్తు పెరగలేదు, మెడ పూసలు ఐదో దశ. షీట్‌లో ‘పెరుగుదల ముగిసింది’ అని నా చేతితోనే రాశాను. రెండేళ్ల తర్వాత రిటైనర్ (బ్రేసులు తీశాక పళ్లను పట్టి ఉంచే పరికరం) బిగుతుగా ఉందని వచ్చినప్పుడు ముందు పళ్లు అంచుకు అంచు తగులుతున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే తప్పులు వరసగా కనబడ్డాయి. ఆ రెండు ఎత్తు కొలతలు ఇద్దరు వేర్వేరు మనుషులు వేర్వేరు వేళల్లో తీసినవి. ఐదో దశను ‘ముగింపు’గా చదివాను. తండ్రి గడ్డం గురించి మొదటి రోజునే రాసుకున్న వాక్యాన్ని మళ్లీ చదవలేదు. ఎత్తు ఆగాక కూడా కింది దవడ, ముఖ్యంగా అబ్బాయిల్లో, ఇరవై దగ్గరి దాకా పెరుగుతూ ఉండవచ్చు. పెద్దవాళ్ల ముఖాలు సైతం కొద్దికొద్దిగా మారుతూనే ఉంటాయని బోల్టన్ అధ్యయనంలోని వారిని పెద్దయ్యాక మళ్లీ పిలిపించి బెరెంట్స్ 1985లో చూపించాడు.

అంచనాను నిర్ణయంగా మార్చేటప్పుడు

కింది దవడ వెనకబడ్డ పిల్లలకు ఫంక్షనల్ అప్లయెన్స్ మూడో దశ దగ్గర మొదలుపెడితే ఉధృతి మన వైపు ఉంటుంది; మొదటి దశలో మొదలుపెడితే పిల్లవాడి ఓపిక శిఖరం రాకముందే ఖర్చైపోతుంది. పై దవడ వెనకబడ్డ పిల్లల విషయం దీనికి తిరగబడి ఉంటుంది: ఫేస్ మాస్క్ (ముఖానికి బయట తగిలించి పై దవడను ముందుకు లాగే పరికరం) సుమారు పదేళ్ల లోపు, అతుకులు ఇంకా తేలిగ్గా స్పందించే రోజుల్లోనే బాగా పనిచేస్తుంది, అక్కడ శిఖరం కోసం ఎదురుచూడకూడదు.

దవడ వెనక్కి తిరుగుతున్నదని రాసిన పిల్లవాడిలో మోలార్లను పైకి లాగే ఏ పనీ చేయకండి; ఒక్క మిల్లీమీటరు లేచినా గడ్డం వెనక్కి, కిందికి జారుతుంది. బాగా ముందుకు తిరుగుతున్నవారిలో లోతైన కాటు మళ్లీ మళ్లీ తిరిగి వస్తుంది కనుక, పెరుగుదల ఆగేదాకా పై రిటైనర్‌లో ముందు పళ్లకు కొరుకుడు పలక ఉంచండి. కింది దవడ పెద్దదై శస్త్రచికిత్స అవసరమయ్యేలా ఉంటే, ఏడాది తేడాతో తీసిన చిత్రాలను పేర్చినప్పుడు మార్పు లేదని తేలేవరకు తేదీ ఇవ్వకండి; వయసు పద్దెనిమిది నిండిందన్నది అందుకు చాలిన కారణం కాదు.

తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు హద్దులనే చెప్పండి: “రెండేళ్లలో గడ్డం ముందుకు వచ్చే అవకాశం ఎక్కువ, కానీ ఎంతన్నది ఏడాది తర్వాత మళ్లీ చూసి చెబుతాను; అనుకున్నంత రాకపోతే రెండో దారి ఇది.” ఈ మాట చెప్పాక ఎవరూ నా దగ్గర నుంచి లేచి వెళ్లిపోలేదు. గ్యారంటీ ఇచ్చిన రోజుల్లోనే ఎక్కువ తగవులు పడ్డాను.

ఇలా రాసిపెట్టిన షీట్లు ఇరవై ముప్పై పోగయ్యాక ఒక మధ్యాహ్నం వాటిని బల్ల మీద పరిచి, మీరు రాసిన హద్దుల పక్కన నిజంగా జరిగినదాన్ని ఎర్ర సిరాతో రాయండి. తప్పులు అటూ ఇటూ సమంగా చెదిరి ఉండవు. ఒక వైపే పేరుకుని ఉంటాయి. నా షీట్లలో, దవడ వెనకబడ్డ అమ్మాయిల విషయంలో రావలసిన దానికన్నా ఎక్కువ పెరుగుదలను రాసుకుంటూ వచ్చానని అలాగే తెలిసింది. అప్పటి నుంచి ఆ పిల్లలకు రాసే పై హద్దును ఒక మిల్లీమీటరు తగ్గించి రాస్తున్నాను.